హేమధన్వుని రెండవ బాణం

పూర్వం కుముదావర్త దేశాన్ని హేమధన్వుడనే రాజు, విలువిద్యలో తనకు సాటి లేరని నలుగురిచేతా అనిపించుకుంటూ, అననివారిచేత తానే అనిపిస్తూ, మహావైభవంగా ఏలుతుండేవాడు. పంట మేసే లేళ్లను వేటాడవచ్చుగాని, గాయపడిన మృగం ప్రాణం విడిచేదాకా వేటగాడు మంచినీళ్లు ముట్టరాదని ఆ వంశంలో ఆచారం. ఒకనాడు ఆ రాజు మందీమార్బలం మెచ్చుకోవాలని, ఎంతో దూరాన పరుగెత్తుతున్న కృష్ణమృగం మీద బాణం వేయగా, అది గుండెకు తగలక కడుపులో దిగబడింది. మృగం అడవిలోకి పారిపోయింది.

"తగిలింది కదా, అదే చస్తుంది. పోనిద్దురూ!" అని నవ్వి, హేమధన్వుడు చల్లని పానకం తెప్పించుకుని గటగటా తాగేశాడు. రాజుగదా, వద్దనేదెవరు?

లేడి వాయుదేవుని వాహనం. జగత్ప్రాణుడైన ఆ హరిణవాహనుడికి ఒళ్లు మండి, కుముదావర్తంలో వీచడం మానేశాడు. అది నూర్పిళ్ల కాలం. కళ్లాల్లో రైతులు చేటలెత్తి తూర్పారబడితే, గాలి లేక గింజా పొట్టూ ఒక్కచోటే పడుతున్నాయి. గాదెలు అడుగంటాయి.

"మహాప్రభో! కళ్లం నిండా పంట ఉంది, కుండలోకి గింజ రాదు. పిల్లలకేం పెట్టమంటారు?" అని కాపు ఇల్లాలొకతె నిలదీసేసరికి, రాజు సిగ్గుతో చితికిపోయి, త్రికాలవేదియైన వేణుపర్ణ మహర్షి పాదాలపై పడ్డాడు.

"నాయనా, నీ బాణాన్ని కడుపున మోస్తూ ఆ మృగం చావలేక బతకలేక తిరుగుతోంది. దానికి విముక్తి కలిగితేగాని వాయువు కదలడు" అన్నాడు మహర్షి.

"ఇప్పుడే వెళ్లి కొట్టేస్తాను స్వామీ!"

"ఆ తొందరే కదయ్యా నీ కొంప ముంచింది! ఎదురుగా నిలిచినప్పుడు కొట్టకు, రొమ్ము ఎముక అడ్డుపడుతుంది. తలెత్తి చెవులు నిక్కించిందా, విల్లు దించు. పక్కకు తిరిగి, నీవైపు ముందుకాలు ముందుకు చాచినప్పుడు, ఆ కాలికి కాస్త వెనుకగా, కిందివైపు గురిపెట్టు. గుండే ఊపిరీ ఉండేది అక్కడే. ఈసారీ వట్టి గాయమే చేశావో, నీ దేశానికిక గాలి లేదు."

హేమధన్వుడు నీరు ముట్టక నెత్తుటి జాడ వెంట నడిచి, రెల్లుపొదల నడుమ మృగాన్ని కనుగొన్నాడు. గాలి లేనందున మనిషి వాసన దానికి అందలేదు. చాలా దగ్గరగా చేరి విల్లు లాగాడు. మృగం సరిగ్గా ఎదురుగా నిలిచింది. పసివాళ్ల ఏడుపు తలుచుకుంటే, బాణం వదిలెయ్యమని ప్రాణం కొట్టుకుంది. వదలలేదు. విల్లు దించి, కన్నీళ్లు తుడుచుకుని, కదలక మెదలక కాచుకున్నాడు. చివరికది గడ్డికి తలవంచి, మేయలేక పక్కకు తిరిగి, ముందుకాలు చాచింది. అప్పుడు వేశాడు. నాలుగంగలైనా వేయకముందే మృగం ఒరిగి, క్షణంలో ప్రాణం విడిచింది. దాని తల ఒడిలో పెట్టుకుని, "నన్ను క్షమించు తండ్రీ!" అని రాజు వెక్కివెక్కి ఏడ్చాడు.

రెల్లు కదిలింది. గంధవహుడు ప్రత్యక్షమై, "రాజా, మెచ్చాను. గురి తప్పని బాణం ఇమ్మంటావా?" అని అడిగాడు.

"వద్దు దేవా! గుండెకు సూటిగా దారి లేనప్పుడు నా చేయి వణికేటట్టు అనుగ్రహించు."

"తథాస్తు!" అన్నాడు వాయుదేవుడు.

ఆ పూటే కళ్లాల్లో పొట్టు ఎగిరింది, ఇంటింటా పొయ్యి వెలిగింది. తరువాత హేమధన్వుడు ఎన్నోమార్లు వేటనుండి ఉత్తచేతులతో తిరిగివచ్చాడు. "పాపం, మహారాజుకు చేయి వణుకుతోందర్రా, వయసు మీదపడింది" అని పరివారం గుసగుసలాడుకునేది. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఆ మహానుభావుడు పరమానందభరితుడయ్యేవాడు.