ఇంటూ గుర్తు మాయమయ్యేదాకా

పైడిరాజు వాళ్ళింట్లో బుర్రలేనివాడు పుట్టలేదని వాళ్ళకి గట్టి నమ్మకం. పైడిరాజూ, బాబాయి పిల్లలు అప్పలకొండా బంగారమ్మా పదో తరగతి. వాళ్ళని చూసే సార్లు పాఠాలు నేర్చుకుంటున్నారని నాయనమ్మ ఊరంతా చెప్పేది.

ఒకరోజు సైన్సు సారు కూర్మారావు, "రసాయన చర్య వేగం సరిగ్గా కనిపెట్టినవాళ్ళని విశాఖపట్నం సైన్సు ఫేరుకి తీసుకెళ్తాను" అన్నారు.

"సముద్రం అగుపిస్తాదా సారూ?" అన్నాడు పైడిరాజు. పాపం, వాడు పుట్టి బుద్ధెరిగాక కోరుకున్నది అదొక్కటే.

"అగుపిస్తుంది. కాగితం మీద ఇంటూ గుర్తు వేసి, దానిమీద గాజుసీసా పెట్టండి. ఈ రెండు మందులూ అందులో కలిపితే నీళ్ళు పాలలా తెల్లబడతాయి. పైనుంచి చూస్తూ ఉండి, గుర్తు కనబడకుండా పోవడానికి ఎంతసేపు పట్టిందో చెప్పండి."

పైనుంచి చూడమన్నారు కదా, పైడిరాజు సైన్సు గదిలో బీరువా ఎక్కి కూర్చున్నాడు.

"అన్నా, గుర్తు అగుపిస్తందా?" అని కిందనుంచి అరిచాడు అప్పలకొండ.

"నేదే! మందు పొయ్యకముందే పోనాది!"

"మన గుర్తు మహా చురుకు" అని బంగారమ్మ మురిసిపోయింది.

సారు వాడి చెవి మెలేసి కిందికి దించారు. ఈసారి మందులు కలిపారు. నీళ్ళు తెల్లబడ్డాయి, గుర్తు మాయమైంది. నిజంగానే పోయిందా అని అప్పలకొండ సీసా ఎత్తి చూశాడు. ఇంకేముంది, గుర్తు అక్కడే ఉంది!

"దొంగది! పోనేదురా, దాక్కుంది!"

"వేడి పెంచితే వేగం పెరుగుతుంది" అని సారు పక్క బల్లవాళ్ళకి చెబుతున్నారు. అంతే, బంగారమ్మ కాగితం తీసి స్పిరిట్ దీపం మీద పెట్టింది. భగ్గుమంది. గుర్తు పోయింది, కాగితం పోయింది, కిటికీ తెర కూడా పోయింది.

సారు బకెట్టుతో నీళ్ళు కొట్టి మంట ఆర్పారు. "ఇదే ఆఖరిసారి. నా ఎదురుగా చెయ్యండి. గుర్తు నాకు కనబడకుండా పోవాలి!"

పైడిరాజుకి ఏడుపు ముంచుకొచ్చింది. సముద్రం చేజారిపోతోంది. గట్టిగా ఆలోచించి, వెనకనుంచి వెళ్ళి సారు కళ్ళు రెండు చేతులతో మూసేశాడు.

"అగుపిస్తందా సారూ?"

"ఏం కనబడి చస్తుందిరా!"

"అయిపోనాది! మందు చుక్క కూడా ఖర్చవనేదు!"

సారు వాడి చేతులు విదిలించి, పళ్ళు నూరుతూ, "భేష్! ఇంక మీకు సముద్రం కనబడినట్టే!" అన్నారు.

అంతే. ముగ్గురూ ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టారు. ఇళ్ళకి పరుగెత్తి, ఒంటికి నూనె పట్టించి, తువ్వాళ్ళు భుజాన వేసుకుని బడి డాబా ఎక్కారు. సముద్రం ఎటునుంచి కనబడుతుందో సారు చెప్పలేదాయె. అందుకని తలో దిక్కుకీ తిరిగి కూర్చున్నారు.

"ముందుగా సూసినోళ్ళు మిగిలినోళ్ళకి కేకెయ్యండి" అన్నాడు పైడిరాజు.