కుందేలమ్మ తోట కింది కాలువ

ఈ కథను మా నాయనమ్మ వాన చప్పుడుతో పాటే, మెల్లగా చెప్పేది.

దేవుడు కొండకు మబ్బు దుప్పటి కప్పే శ్రావణమాసం. ఆ కొండ కింద కుందేలమ్మ బొరియ, దాని ముందు చిన్న తోటకూర మడి. లోపల ఇంకా కళ్లు తెరవని మూడు పిల్లలు. వాన వెలిసి రెండు రోజులైనా మడిలో నీళ్లు ఊరుతూనే ఉన్నాయి. బొరియ గోడలు చెమర్చి, పిల్లల పడక తడిసిపోతోంది.

నక్క నవ్వుకుంటూ వచ్చింది. “పసివాళ్లకు జలుబు చేస్తుంది చెల్లెమ్మా! బొరియ నుంచి వాగు దాకా, మడి కిందుగా లోతైన కాలువ తవ్విపెడతా. పైన కొమ్మలు పరిచి మట్టి కప్పేద్దాం.”

“పైపైన చిన్న కాలువ తీస్తే చాలదా అన్నయ్యా?”

“చాలదు. పైగా తోట అందం పాడు!”

కుందేలమ్మకు అనుమానం వచ్చింది. నక్క తవ్వే కాలువలో నక్క పట్టదా, అందులోంచి బొరియలోకి రాదా? పరుగున, వాగు ఒడ్డున నెమరేస్తున్న ఎద్దు తాత దగ్గరికి వెళ్లింది.

ఎద్దు నెమరు ఆపి అడిగింది. “నీళ్లు కొండ మీంచి పారి వస్తున్నాయా? నేలలోంచి ఊరుతున్నాయా?”

“ఊరుతున్నాయి తాతా. పైన ఆరినట్టే ఉంటుంది, కాలు పెడితే దిగబడుతోంది.”

“పారే నీళ్లకైతే పైకాలువ. ఊరే నీళ్లకు లోపలి కాలువే. నక్క చెప్పింది నిజమే, తవ్వనియ్యి.”

“అయ్యో తాతా, నా పిల్లలు!”

“తవ్వనియ్యమన్నాను గానీ, ఖాళీగా వదిలెయ్యమన్నానా పిచ్చితల్లీ?”

నక్క పొద్దున్నించీ వాగు వైపు వాలుగా తవ్వింది. గోళ్లు అరిగాయి, నాలుక వేలాడింది.

“అలసిపోయావు అన్నయ్యా, కప్పడం నేను చూసుకుంటా. పోయి పడుకో,” అంది కుందేలమ్మ.

నక్క అటు వెళ్లగానే ఎద్దు కొమ్ములతో వాగులోని గులకరాళ్లను నెట్టుకొచ్చింది. ఇద్దరూ కాలువ నిండా రాళ్లు పోసి, గడ్డి పరిచి, మట్టి కప్పేశారు.

తెల్లవారి మసకలో వాగు ఒడ్డు నుంచి నక్క కాలువలోకి తల దూర్చింది. మూతికి రాళ్లు తగిలాయి. రాళ్ల సందుల్లోంచి చల్లటి నీళ్లు ముక్కులోకి చిమ్మాయి.

“ఇదేంటి, దారే లేదు!” అంది తుమ్ముతూ.

“నీళ్లకు ఉందిగా అన్నయ్యా!” అంది పైనుంచి కుందేలమ్మ.

పొడిబారిన పడక మీద పిల్లలు నిద్రపోతూనే ఉన్నాయి.

ఎవరి సాయమైనా తీసుకోవచ్చు గానీ, ఇంట్లోకి వచ్చే దారి మాత్రం మన చేతిలోనే ఉండాలి.