తోటకి మార్చినవాళ్లు

ఎదురుగా ఎవరైనా నిండు ఆరోగ్యంతో నిలబడితే చాలు, సుభద్రమ్మగారికి అనుమానం మొదలయ్యేది. కార్మికులకు వచ్చే జబ్బుల గురించి మాకు మెడికల్ కాలేజీలో పాఠం చెప్పిన డాక్టరు ఆవిడ. "శుభ్రమైన వంటగది" అని బోర్డు పెట్టుకున్న హోటల్లో కాఫీ కూడా ముట్టేవారు కాదు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం గానీ, ఆవిడ లేచి వెళ్లిపోయిన హోటల్లో మాకూ కాఫీ దిగేది కాదు.

ఒకరోజు కిరీటి అనే శిష్యుడు ఆవిడ దగ్గరకు వచ్చాడు. విజయనగరం అవతల, నికెలూ క్రోమియమూ కరిగించే ఒక ఫ్యాక్టరీ ఉంది. కరిగించాక మిగిలే స్లాగును మెత్తగా పొడి చేసి, ఇటుకలు చేసేవాళ్లకి బస్తాల్లో పంపుతారు. ఆ పొడి పనివాళ్ల చర్మానికీ ఊపిరికీ పడుతుందో లేదో తేల్చి చెప్పే పని కిరీటి మీద పడింది.

"అమ్మా, ఆ పొడి నా చేతికే పట్టీ వేసి చూసుకున్నాను. చిన్న దద్దురైనా లేవలేదు. పొడి కొట్టే షెడ్డులో అందరినీ పరీక్షించాను. ఒక్కరికీ దగ్గు లేదు, దురద లేదు. ముప్పు లేదని రాసెయ్యవచ్చా?"

"ఒక్కరికీ లేదూ?" అన్నారావిడ. ఆ మాట ఆవిడకి బొత్తిగా మింగుడు పడలేదు. గొడుగు తీసుకుని అతనితో బయల్దేరారు.

ఆ తర్వాత జరిగింది, తను చూసిందీ ఆవిడ దగ్గర విన్నదీ కలిపి, నాకు కిరీటే చెప్పాడు. అతను మేనేజరుకు చెప్పి మళ్లీ షెడ్డులోకి వెళ్లాడు. ఆవిడ మాత్రం లోపలికి అడుగు పెట్టకుండా, గేటు దగ్గర తోటలో బల్ల మీద కూర్చున్నారు. తోటంటే నాలుగు గన్నేరు మొక్కలు, చాపంత గడ్డి. నీళ్లు పోసేవాళ్లూ ఆకులు ఏరేవాళ్లూ కలిసి డజను మందికి పైనే ఉన్నారు.

"ఇంత తోటకి ఇంతమందా బాబూ?" అని పక్కనే నిలబడ్డ మేనేజర్ని అడిగారు.

"మేం మనుషుల్ని బాగా చూసుకుంటాం మేడమ్. షెడ్డులో ఎవరికైనా నలతగా ఉంటే ఇక్కడికి మార్చేస్తాం. కోలుకోగానే మళ్లీ షెడ్డుకే." ఈ మాట అతను గర్వంగా చెప్పాడట. వింటే నాకు ఒళ్లు మండింది.

దగ్గర్లో నీళ్లు పడుతున్న నూకరత్నం అనే ఆమె మోచేతి మడతలు నల్లబడి, చిట్లి ఉన్నాయి. సుభద్రమ్మగారు పలకరించారు.

"షెడ్డులో ఉన్నప్పుడు ఒకటే ఆయాసం అమ్మా. ఇక్కడికొచ్చాక తగ్గింది. తగ్గింది కదాని సోమవారం నుంచి మళ్లీ అక్కడికే పొమ్మంటన్నారు. ఎల్లకపోతే పని మానీమంటన్నారు. మీతో వచ్చిన డాక్టరుబాబు ఏం రాస్తే అదేనట."

అంతలో కిరీటి వెలిగిపోతున్న ముఖంతో షెడ్డులోంచి వచ్చాడు. తల మీదా చొక్కా మీదా బూడిదరంగు పొడి. "ఇంతసేపు లోపలే ఉన్నానమ్మా, ఒక్క తుమ్మైనా రాలేదు!" అంటూనే, నాడి చూద్దామని నూకరత్నం చెయ్యి పట్టుకున్నాడు.

ఆమె చెయ్యి లాక్కుంది. దగ్గు మొదలైంది, ఆపైన ఊపిరి పిల్లికూతలు పెట్టింది. నీళ్ల పైపు వదిలేసి నేల మీద కూలబడింది.

"ఈమె ఎప్పుడూ ఇంతే మేడమ్. షెడ్డుకు పొమ్మంటే చాలు, నాటకాలు" అన్నాడు మేనేజరు.

సుభద్రమ్మగారు అతనికేసి చూడనైనా లేదు. ఆమెను గాలి వచ్చే వైపుకు తిప్పి కూర్చోబెట్టి, సంచిలోంచి పీల్చే మందు తీసి నోటికి అందించారు. కిరీటి ఏదైనా సాయం చేద్దామని ముందుకు ఉరికాడు. ఆవిడ గొడుగు అడ్డం పెట్టారు.

"అక్కడే ఉండు నాయనా. ఆమెకి ఇప్పుడు ఆ పొడి అంటే నువ్వే."