తుమ్మలగుంట వారి పాటల బండి

తుమ్మలగుంటలో తెలివి ఎవరింట్లో ఉందంటే, మా ఇంట్లోనే అని చెప్పడానికి ముగ్గురు సిద్ధంగా ఉంటారు: నాంచారయ్య, అతని తమ్ముళ్ళు కోటిలింగం, బుల్లోడు. ఆ మాట ఇంకెవరినీ అడగకూడదు.

నాంచారయ్య భార్య శేషారత్నం ఆరు నెలలుగా పదహారుమంది ఆడవాళ్ళకు కోలాటం నేర్పింది. తిరునాళ్ళలో పదకొండు గంటలకు వాళ్ళ ఆట. అద్దె మైకు ఎందుకు, మన వ్యానుకే స్పీకర్లు పెట్టిస్తానని నాంచారయ్య మాటిచ్చాడు.

"పాట రాకపోతే పదిమందిలో తలెత్తుకోలేను, చెబుతున్నా," అంది శేషారత్నం.

మెకానిక్ సుభానీ పొద్దున్నే వచ్చి యాంప్లిఫయరు బిగించాడు. "కుడి స్పీకరు కుడిపక్కే ఉండాలి, ఎడమది ఎడమపక్కే. మార్చకండి," అని వెళ్ళిపోయాడు.

"కుడిపక్క అంటే?" అన్నాడు బుల్లోడు.

నాంచారయ్య చూశాడు. ఆ స్పీకరు పాలకేంద్రం వైపు ఉంది. "పాలకేంద్రం వైపు," అన్నాడు.

అంతే. వ్యాను వీధి చివర వెనక్కి తిరిగిందో లేదో కోటిలింగం గుండెలు బాదుకున్నాడు. "అన్నయ్యా, కొంప మునిగింది! కుడి స్పీకరు పాలకేంద్రాన్ని వదిలి బడి వైపుకొచ్చేసింది!"

ఇంకేముంది, దిగారు. స్క్రూలు విప్పారు, తీగలు పీకారు, ఇటుది అటు, అటుది ఇటు బిగించారు. సందు మలుపులో మళ్ళీ దిగారు. చెరుకుబండి అడ్డొచ్చి వెనక్కి తిప్పితే మళ్ళీ. తీగలు పోగులు పోగులుగా లేచాయి. టైము పదిన్నర.

"బండి తిరగబట్టే కదా ఈ తిప్పలు," అన్నాడు బుల్లోడు. "తిప్పకుండా రివర్సులో పోదాం."

ఇంత తెలివి మా ఇంట్లోనే పుడుతుందని నాంచారయ్య పొంగిపోయాడు. మిగిలిన కిలోమీటరూ వ్యాను వెనక్కి నడుస్తూనే తిరునాళ్ళకు చేరింది.

పాట పెట్టారు. కుయ్యిమని ఒక్క మూలుగు. యాంప్లిఫయరు మీద చెయ్యి పెట్టిన కోటిలింగం అదిరిపడ్డాడు. "కాలిపోతోంది అన్నయ్యా! దీనికి వేడి చేసింది."

వేడి చేస్తే ఏం చేస్తారు? కొట్టుకెళ్ళి ఆముదం తెచ్చారు. దాని నెత్తిన చారెడు పోసి, అరచేత్తో తట్టి తట్టి మర్దనా చేశారు. అంతే, ఆ మూలుగూ ఆగిపోయింది.

"హాయిగా నిద్రపోయింది," అన్నాడు బుల్లోడు.

నాంచారయ్య సుభానీకి ఫోను చేశాడు.

"ముందు ఫ్యూజు చూడు బాబాయ్!"

ముగ్గురూ వరసగా వంగి చూశారు. కళ్ళజోడు పెట్టుకుని నాంచారయ్య రెండోసారి చూశాడు. "చూశాం. అయినా పాట రావట్లేదోయ్."

సుభానీ బండేసుకుని వచ్చాడు. ఆముదం తుడిచాడు, తగులుకున్న తీగలు విడదీశాడు, మాడిన ఫ్యూజు మార్చాడు, తల బాదుకున్నాడు. "నిలబెట్టిన బండిలో పాటేస్తే బ్యాటరీ తొందరగా దిగిపోతుంది బాబాయ్. నడిచే బండికి ఆ బాధ లేదు," అని టీ తాగడానికి వెళ్ళాడు.

పదకొండు కొట్టింది. పాట ఖంగుమంది. పదహారు జతల కర్రలు ఒక్క దెబ్బలా మోగాయి. జనం ఈలలు వేశారు. శేషారత్నం భర్తవైపు చూసి మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు చూశాకే నాంచారయ్యకు సుభానీ చెప్పిన బ్యాటరీ మాట గుర్తొచ్చింది.

"ఒరే బుల్లోడా, బండి నిలబడి ఉందిరా! బ్యాటరీ దిగితే మీ వదిన పరువేం కావాలి? పోనియ్!"

వ్యాను కదిలింది. దాంతోపాటే పాటా కదిలింది. పైకెత్తిన కర్రలు పైనే ఆగాయి.

"ఏవయ్యోయ్! పాట! మా పాట!" అని శేషారత్నం కొంగు బిగించి పరుగెత్తింది. వెనకే పదహారుమందీ, ఆ వెనక తిరునాళ్ళ జనమంతా.

కోటిలింగం అద్దంలో చూశాడు. "అన్నయ్యా, వదిన మనల్ని దాటేసేట్టుంది!"

"హమ్మో! ఆట ముందూ, పాట వెనకా అయితే చూసేవాళ్ళు నవ్వరూ?" అన్నాడు నాంచారయ్య. "మీ వదిన పరువు కోసమైనా టాప్ గేరు వెయ్యరా!"