మంత్రిగారు కళ తెచ్చిన అంగడి

దేవపురిలో పాత అంగడి వీధి వెలవెలబోతోందని రాజుగారు బెంగపెట్టుకున్నారు. "కళ తెప్పిస్తాను ప్రభూ" అని మంత్రి విరూపాక్షయ్యగారు మాటిచ్చారు. ఆ కళకు అడ్డం వర్తకులేనని ఆ మహామేధావికి తోచింది. వాళ్లందరినీ ఏటి అవతలికి తోలించి, కొట్లకు తాళాలు వేయించి, తలుపుల మీద పట్టుచీరలూ పప్పుల రాసులూ లడ్డూల గుట్టలూ బొమ్మలుగా గీయించారు.

రాజుగారు పల్లకీలోంచే చూసి మురిసిపోయారు. "ఎంత సరుకు! శభాష్!"

వీధిలోంచి గెంటించుకున్న బియ్యం వర్తకురాలు ఉప్పుల గవరమ్మ జనంలోంచి ముందుకొచ్చి దణ్ణం పెట్టింది. "మహాప్రభో, మంత్రిగారి ఇంటికి కావలసినవన్నీ ఇక నుంచి ఈ వీధిలోనే కొనమని సెలవివ్వండి. వారిని చూసి ఊరంతా ఇక్కడికే వస్తుంది."

"బాగా చెప్పావమ్మా! మంత్రీ, మరోచోట గింజ కొన్నా నా ఆజ్ఞ మీరినట్టే!"

కాదంటే గుట్టు బయటపడుతుంది. "మహాప్రసాదం" అన్నారు మంత్రిగారు.

మర్నాడు వంటవాడు వెళ్లి, తలుపు మీది కందిపప్పును గోకి చూసి, ఖాళీ సంచితో తిరిగొచ్చాడు. మూడో నాటికి ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. మంత్రిగారే ఏరు దాటి వెళ్లారు.

"గవరమ్మా, నీకు పుణ్యముంటుంది, అందరినీ తీసుకుని వచ్చెయ్యి."

"కొట్లు తెరిపించారా బాబూ?"

"తాళంచెవులు నేనే తెచ్చాను తల్లీ!"

మధ్యాహ్నానికల్లా వీధి బేరాలతో హోరెత్తింది. గవరమ్మకు తొలి బేరం మంత్రిగారిదే. ఆకలి మీదున్నారేమో, కొసరు కూడా అడగలేదు.