రాజుగారు విప్పిన మూటలు

పొన్నవరాన్ని ఏలే ఉద్దండభూపతికి శత్రుభయం లేదు, రోగభయం లేదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు, కొనడం. ఓడ దిగిన వర్తకుడల్లా నేరుగా కోటకే వచ్చేవాడు. మూట ముడి మాత్రం రాజుగారే స్వయంగా విప్పాలి, అది ఆ కొలువులో ఆచారం. విప్పుతున్నంతసేపూ ఆయన మొహం పెళ్లికొడుకు మొహంలా వెలిగిపోయేది. వస్తువు కొట్లోకి వెళ్లిందా, ఇక దాని ఊసే ఉండదు.

కొని కొని కొట్లన్నీ నిండిపోయాయి. ఒకనాడు సభలో రాజుగారు చల్లగా సెలవిచ్చారు, ధాన్యపు కొట్టు ఖాళీ చేసి బస్తాలు ఆవరణలో పెట్టించండి, కొత్త వస్తువులకు చోటు కావాలి అని.

అందరి గుండెల్లో రాయి పడింది. బయట చూస్తే మబ్బు కమ్ముతోంది. ఆ ధాన్యం వానాకాలమంతా ఊరి తిండి. తడిసిందంటే ఇక అంతే సంగతులు. అయినా నోరెత్తేదెవరు? పైగా కొనుగోళ్ల అధికారి గుండయ, చిత్తం ప్రభూ అంటూ ముందుకు ఉరికాడు. ఏ వస్తువునైనా వేలితో ఒక్క మీటు మీటి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తానని ఆయనగారి గొప్ప.

రాజుగారికి తాంబూలం అందించే సింగనకు ఒళ్లు మండిపోయింది. ఆయన మొహాన్ని రోజూ జానెడు దూరం నుంచి చూసేవాడు గనక జబ్బు ఎక్కడుందో వాడికి తెలుసు. కోపం దిగమింగి, తమలపాకు చిలక చుట్టి చేతికిస్తూ మెల్లగా మాట కదిపాడు. రేపు తనే ఒక వర్తకుణ్ణి తెస్తాడట. సరుకు ప్రభువులకు నచ్చకపోతే తన కొలువు పీకేయవచ్చు. నచ్చితే మాత్రం ధాన్యం కదలకూడదు.

“మరి ఆ సరుకు ఎక్కడ పెట్టమంటావోయ్?” అన్నారు రాజుగారు.

“దానికి చోటు వెతకక్కర్లేదు ప్రభూ.”

అదేం సరుకో అనుకుంటూనే రాజుగారు సరేనన్నారు. కొత్త సరుకంటే ఆయనకు అప్పుడే చేతులు దురద పెడుతున్నాయి.

సింగన తిన్నగా మహారాణి దగ్గరికి వెళ్లి సంగతంతా విన్నవించుకున్నాడు. ఆ కొట్లో ఏనుగు తప్పిపోయినా దొరకదు, నీకేం కావాలో తీసుకుపో నాయనా, అని ఆవిడ తాళంచెవి చేతిలో పెట్టింది. అక్కణ్ణుంచి వాడు పగటివేషాలు కట్టే పేరయ్య ఇంటికి దారి తీశాడు.

మర్నాడు బుట్టంత తలపాగాతో, బొడ్డు దాకా గడ్డంతో ఒక వర్తకుడు సభకొచ్చాడు. పసుపుపచ్చ పట్టులో కట్టిన మూటలు రాజుగారి ముందు పెట్టాడు. రాజుగారు ముడి విప్పారు. నెమలి దీపపు సెమ్మె బయటపడింది. ఆహా, ఎంత ముచ్చటగా ఉందో అని మురిసిపోయారు.

గుండయ వేలితో మీటాడు. “సింహళపు కంచు ప్రభూ. ఇలాంటిది మన గడప తొక్కడం ఇదే మొదలు.”

తరువాత గంధపుచెక్క పెట్టె. అదీ మొదలేనట. ఆ తరువాత వెండి చట్రం అద్దం. అదైతే మన రాజ్యంలో కలలో కూడా ఎవరూ చూసి ఉండరన్నాడు గుండయ. రాజుగారు ఇంకాగలేదు. మొత్తం కొనేస్తున్నామని, ఇంత మంచి సరుకు పుట్టి బుద్ధెరిగాక చూడలేదని, సింగన గెలిచినట్టేనని చెప్పేశారు.

సింగన దణ్ణం పెట్టి, ఆ సెమ్మెను ఒక్కసారి బోర్లించి చూడమన్నాడు.

చూశారు. అడుగున లక్కముద్ర. కొట్లో చేరే ప్రతి వస్తువుకూ వేసే పొన్నవరం కోట చేప ముద్ర. పెట్టె అడుగునా అదే, అద్దం వెనకా అదే. అన్నీ కిందటేడు ఆయన కొన్నవే.

రాజుగారి మొహం ఎర్రబడింది. “నా కొట్లో సొమ్ము దొంగిలించి నాకే అమ్ముతావా?”

“పోయినట్టు మీకు తెలిసిందా ప్రభూ?”

రాజుగారు ఆ అద్దం వంక చూస్తూ ఉండిపోయారు. సింగన గొంతు తగ్గించాడు.

“మీకు కావలసింది వస్తువు కాదు ప్రభూ, ముడి విప్పే ఆ కాస్సేపు సంబరం.”

రాజుగారికి సిగ్గేసింది, ఆ వెనకే దిగులూ వేసింది. అమ్మాయి అత్తవారింటికి వెళ్లాక సాయంత్రాలు గడవడం లేదని, మూట వచ్చినప్పుడల్లా ఇంటికి ఎవరో వచ్చినట్టు ఉంటుందని నెమ్మదిగా చెప్పుకున్నారు. వింటున్న సింగనకు కళ్లు చెమర్చాయి. మనసు పీకినప్పుడల్లా ముందు కొట్టు తలుపు తీసి, మరిచిపోయిన మూట ఒకటి విప్పుకోమన్నాడు. తెల్లారాక కూడా కొత్తది కావాలనిపిస్తే అప్పుడు కొనుక్కోవచ్చు. ఈలోగా అమ్మాయిగారిని నాలుగు రోజులు పిలిపించుకుంటే మరీ మంచిదన్నాడు.

రాజుగారు తలూపి, గుండయ వైపు తిరిగారు. “ఇంతకీ ఈ కంచు ఎక్కడిదన్నావు?”

గుండయ మీటిన వేలు మడుచుకున్నాడు. “మన కొట్టుదే ప్రభూ.”

రాజుగారికి నవ్వాగలేదు. ధాన్యం కదలదని, గింజ తడిసినా గుండయదే పూచీ అని అక్కడికక్కడే ఆజ్ఞ వేశారు. తరువాత సింగన భుజం తట్టి, “నీకు మంచి శాలువా కప్పాలిరా. ఎవరక్కడ, శాలువాల వర్తకుణ్ణి పిల...” అంటూ ఠక్కున ఆగిపోయారు.

పేరయ్య నవ్వు ఆపుకోలేక గడ్డం జారవిడిచాడు. దాంతో సభంతా గొల్లుమంది. రాజుగారు నాలుక్కరుచుకుని, తన ఒంటిమీది శాలువా తీసి సింగనకు కప్పారు. అది ఆయన రోజూ కప్పుకునేది, కొట్టు మొహం ఎరగనిది.