గోరింక నేర్చుకున్న ‘మిడిల్’

అనగనగా, పిల్లలూ, ఒక కొండవాగు పక్కన దట్టమైన అడవి ఉండేది. ఆ అడవిలో కులుకు అనే గోరింక ఉండేది. ఒక వానాకాలమంతా అది ఊళ్లో బడి చూరు కింద కాపురం చేసింది. తిరిగొచ్చేటప్పుడు ఒక ఇంగ్లీషు మాట వెంట తెచ్చుకుంది. ఆ మాట ‘మిడిల్’. మాటైతే వచ్చింది గానీ, దాన్ని ఎలా వాడాలో రాలేదు.

ఒకరోజు ఉడుత వచ్చి అడిగింది. “కులుకూ, ఉసిరిచెట్టు కాపుకొచ్చిందట కదా, ఎక్కడుంది?”

“మిడిల్‌లో ఉంది,” అంది గోరింక, మెడ నిక్కించి.

పాపం ఉడుత అడవంతా తిరిగి, సాయంత్రానికి ఖాళీ కడుపుతో గూటికి చేరింది.

ఇంకోరోజు జింక అడిగింది. “వాగులో నీళ్లు ఎక్కడ మిగిలాయి?”

“మిడిల్‌లో.”

జింక వాగు ఇసుకలోకి దిగి, ఎండలో మైళ్లకొద్దీ నడిచింది. నీళ్లు దొరికేసరికి నాలుక పిడచగట్టుకుపోయింది.

ఇదంతా చూసి ముళ్లపంది సూరమ్మకు ఒళ్లు మండిపోయింది. “ఆ గోరింకతో వేగలేక చస్తున్నాం,” అని రోజూ విసుక్కునేది.

ఒక పొద్దున వేటగాళ్లు వచ్చి గొయ్యి తవ్వారు. పైన కొమ్మలు, ఆకులు పరిచి వెళ్లిపోయారు. చెట్టు మీది నుంచి గోరింక ఒక్కటే చూసింది. వెంటనే ఎగిరొచ్చి అందరినీ పిలిచింది.

“గొయ్యి తవ్వారు! జాగ్రత్త!”

“ఎక్కడే?” అంది సూరమ్మ.

“మిడిల్‌లో!”

“దేనికి మిడిల్?”

“మిడిల్ అంటే మిడిల్, సూరమ్మత్తా. నీకు ఇంగ్లీషు రాకపోతే నేనేం చేయను?”

సూరమ్మ ముళ్లు నిక్కబొడుచుకున్నాయి. “ఇంగ్లీషో తెలుగో, నా తల్లీ, మధ్య అన్నాక అటొకటి, ఇటొకటి ఉండాలా వద్దా? గడపకీ పొయ్యికీ మధ్య అంటే తెలుస్తుంది. ఉత్తినే మధ్య అంటే ఏం తెలుస్తుంది? ఇటేముంది, అటేముంది, అది చెప్పు!”

చెబితే పోయేదే. కానీ అందరి ముందూ తప్పు ఒప్పుకోవడం గోరింకకు చిన్నతనంగా తోచింది. “తెలివైనవాళ్లకి అర్థమవుతుందిలే,” అని తుర్రుమంది.

ఇక ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకున్నారు. జింక దారి మధ్యలో అనుకుని అంచునే నడిచింది. ఉడుత అడవి నడిబొడ్డున అనుకుని అటు పోవడం మానేసింది. కుందేలు లచ్చన్న పచ్చిక మధ్యలో అనుకున్నాడు. అందుకని పచ్చిక చుట్టూ తిరిగి, పొదల్లోంచి గెంతుతూ వెళ్లాడు. నాలుగు గెంతులు వేశాడో లేదో, కాలికింద ఆకులు జారాయి. దబ్బున గొయ్యిలో పడ్డాడు.

“అమ్మో, నా కాలు! ఎవరైనా రండి!” అని ఏడ్చాడు. అరుపు వినబడుతోంది గానీ, ఎటునుంచో తెలియడం లేదు. దూరంగా వేటకుక్కలు మొరుగుతున్నాయి. అందరూ వాణ్ణి వెతుకుతూ తలోదిక్కుకీ పరుగెత్తారు.

గోరింక ఎగిరొచ్చి సూరమ్మ పక్కనున్న కొమ్మ మీద వాలింది. “అయ్యో, లచ్చన్న పడిపోయాడు! ఆ మిడిల్‌లోనే...”

“ఆ మాట ఇంకోసారి అన్నావంటే ముల్లుతో పొడుస్తాను!” సూరమ్మ అరిచింది. “అక్కడ వాడి ప్రాణం పోతోంది. ఎక్కడో చెప్పవే!”

గోరింక ముక్కుతో అటు చూపించింది. “నల్లబండకీ వెలగచెట్టుకీ మధ్య. వెలగచెట్టుకే దగ్గర. మూడు గెంతుల దూరం.”

“అంటే సరిగ్గా మధ్యలో కూడా కాదన్నమాట! నా ఖర్మ!” అంటూ సూరమ్మ పరుగు తీసింది.

వెలగచెట్టు దగ్గర గొయ్యి దొరికింది. సూరమ్మ గబగబా గోళ్లతో ఒక పక్క గట్టు తవ్వి, మట్టిని లోపలికి తోసింది. జింక గిట్టలతో సాయం పట్టింది. మట్టి వాలుగా పేరుకుంది. లచ్చన్న కుంటుతూ, పాకుతూ పైకొచ్చాడు. అందరూ పొదల్లో దూరారో లేదో, కుక్కలు గొయ్యి దగ్గరికి వచ్చేశాయి.

లచ్చన్న ప్రాణం దక్కింది. కాలు మాత్రం వంకరగానే అతుక్కుంది. అంతకుముందు వాగును ఒక్క గెంతులో దాటేవాడు. ఇప్పుడు ఒడ్డున నిలబడి చూస్తుంటాడు.

గోరింక వాడి దగ్గరికెళ్లి తలవంచుకుంది. “తప్పు నాదే, లచ్చన్నా. నాకు ఆ మాట సరిగా రాదు. రాదని చెప్పలేకపోయాను.”

లచ్చన్న తన వంకర కాలు చూసుకున్నాడు. తర్వాత అన్నాడు. “ఆ ముక్క ఆ పొద్దునే చెప్పి ఉంటే బాగుండేది కదే.”



నీతి: కొత్త మాట నేర్చుకోవడం మంచిదే, కానీ ఎదుటివాడికి అర్థమయ్యేలా చెప్పలేనప్పుడు తెలియదని ఒప్పుకోవాలి, గొప్పకు పోతే దెబ్బ ఇంకొకరికి తగులుతుంది.